సబ్బుల మేడ

నా మంచం ఆ ఇంట్లోకి రావాలంటే ఆవిడ పియానో బయటికి పోవాలి. ఆ ఏడాది నాబ్లస్‌లో ఆలివ్ కోతల కాలమంతా నా పెళ్లి గురించి ఎవరు మాట మొదలుపెట్టినా అది తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చి ఆగేది.

ఆవిడ అంటే సిత్ నజ్లా, మీ మాటలో నజ్లా అమ్మగారు. నాకు కాబోయే భర్త సామిహ్‌కి మేనత్త. అంతకన్నా ముందు నాకు సంగీతం పంతులమ్మ. నాకనేముంది, ఊళ్లో సగం మంది ఆడపిల్లలకి ఆవిడే పంతులమ్మ. బడిలో పాట నేర్పేది ఆవిడే. మునిసిపాలిటీ వాళ్ల ఉత్సవాలకి పిల్లల్ని వరసలో నిలబెట్టి పాడించేదీ ఆవిడే. యుద్ధంలో యాఫా నుంచీ లిద్ద నుంచీ జనం ఇళ్లొదిలి వచ్చి మా ఊరి చివర గుడారాల్లో తలదాచుకున్నప్పుడు అందరూ రొట్టెలూ దుప్పట్లూ మోసుకెళ్తే, ఆవిడ వీణలా తీగలు మీటే తన ఊద్‌ని చంకన పెట్టుకుని వెళ్లింది. ఇప్పుడు పాటలేమిటమ్మా అని ఎవరో పెద్దాయన విసుక్కుంటే, రొట్టెలు మీరు తెచ్చారుగా అందట. ఆ గుడారాల పిల్లలే పెరిగి మా ఊరి పాటల బృందంలో ముందు వరసలో నిలబడ్డారు. వాళ్లతో కలిసి పాడినదాన్ని గనక నాకు ఆ సంగతి బాగా తెలుసు.

పియానో కూడా యాఫా నుంచే వచ్చింది, యుద్ధానికి ముందు, నారింజకాయల లారీలో. మూత తీస్తే ఇప్పటికీ లోపల నారింజ వాసన వస్తుందని సామిహ్ తమ్ముళ్లు అనేవాళ్లు. నాకు ఎప్పుడూ రాలేదు. ఆవిడకి వచ్చేదనుకుంటాను.

యాస్మీనా పేటలో వాళ్లది రాతి ఇల్లు. నడవలో నిమ్మచెట్టు, చుట్టూ గదులు. చూపుకి పెద్దదే గానీ అందులో నానమ్మ, సామిహ్ తండ్రి అన్న అర్థంలో అబూ సామిహ్ అని అందరూ పిలిచే మా మామగారు, అత్తగారు, నలుగురు మగపిల్లలు, సిత్ నజ్లా. కాలు పెట్టడానికి చోటుండేది కాదు. మిగిలింది వీధి వైపు గది ఒక్కటే. అందులో పియానో, గోడకి ఊద్, సాయంత్రమైతే కిటికీ దాకా నిండిపోయే ఆడపిల్లలు.

సంగతి ఆలివ్ తోటలో తేలింది. నిశ్చితార్థం అయింది గనక ఆ ఏడు మా వాళ్లం కూడా వాళ్ల చెట్ల కిందికే వెళ్లాం. మగవాళ్లు నిచ్చెనలెక్కి కొమ్మలు దువ్వుతుంటే కింద పరిచిన దుప్పట్ల మీద కాయలు రాలుతున్నాయి. ఆడవాళ్లం కూర్చుని ఆకులు ఏరేస్తున్నాం. కొత్త నూనెలో రొట్టె ముంచుకుని తింటూ, చివరి చెట్టు దులిపాక పెళ్లి అన్నారు మామగారు. ఆ మాట వెనకే, వీధి గదికి సున్నం వేయించాలి అన్నారు, ఉల్లిపాయ కొరుకుతూ.

అందరం సిత్ నజ్లా వైపు చూశాం. ఆవిడ ఒడిలో కాయల్లోంచి ఆకు తీసి పక్కన పడేసింది.

"సరే అన్నయ్యా. ఖాళీ చేస్తాను."

"మరి దాన్నెక్కడ పెడతావ్?"

"చూస్తాను."

అంతే. గొడవ పడినా బాగుండేది. పెళ్లికూతురు నోరెత్తకూడదు, శిష్యురాలు ఎత్తకుండా ఉండలేదు. సామిహ్ నిచ్చెన దగ్గరికి వెళ్లి, నాకా గది వద్దు అన్నాను. ఆయన కొమ్మల్లోంచి తల బయటపెట్టి, మరి నిమ్మచెట్టు కింద పడుకుందామా అని అడిగారు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు. మంచి మనిషే గానీ ఆయనకి ఏదైనా ఎక్కడానికి కాస్త సమయం పడుతుంది.

అప్పుడే ఆయన చిన్న తమ్ముడు వచ్చి, ఫుట్‌బాల్ ఆటకి పోతానని నానమ్మని బతిమాలడం మొదలుపెట్టాడు. నానమ్మ తలెత్తకుండా, "కాఫీ చల్లారనీ" అంది. అందరూ నవ్వారు, వాడు కాళ్లు నేలకేసి కొట్టి మళ్లీ పనిలో పడ్డాడు.

అదేం మాటని సామిహ్‌ని అడిగాను. వాళ్లింట్లో కాదు అనడానికి అలాగే అంటారట. ఎందుకో తెలియదట. చిన్నప్పటి నుంచీ అంతేనట. ఆ మాట వినపడ్డప్పుడు సిత్ నజ్లా మాత్రం నవ్వలేదని నేను చూశాను.

ఆ తర్వాత వారాలు ఆవిడ పియానోకి చోటు వెతుకుతూ ఊరంతా తిరిగింది. బడి హాల్లో విరిగిన బల్లలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మహిళా సంఘం గదిలో, ఆవిడే పట్టుబట్టి తెప్పించిన కుట్టుమిషన్లు నిండిపోయాయి. మునిసిపాలిటీ వాళ్లు చూద్దాం అన్నారు. మా ఊళ్లో చూద్దాం అన్నారంటే ఆ సంగతి మర్చిపొమ్మని. ఈలోగా మామగారు పాపం మంచి చేద్దామనే, అమ్మాన్‌లో ఒక హోటల్ వాళ్లు పియానో కొంటారన్న కబురు మోసుకొచ్చారు. భోజనాల గదిలో పెడతారట. చెల్లెలు సంతోషిస్తుందనుకున్నారు కాబోలు. ఆవిడ విని, కోతలయ్యేదాకా ఆగు అన్నయ్యా అంది. అప్పటికి సగం చెట్లు దులపడం అయిపోయింది. చోటు దొరక్కపోతే పియానో అమ్మాన్‌కి పోతుంది, దాంతోపాటే పాటల బృందమూ ముగుస్తుంది. నా పెళ్లికి ముహూర్తం దగ్గరపడుతున్న కొద్దీ దానికి గడువు దగ్గరపడుతోంది. నా బంగారం చూడ్డానికి వచ్చిన వాళ్ల ముందు నేను నవ్వుతూ కూర్చునేదాన్ని గానీ నాకు కంటి నిండా నిద్ర ఉండేది కాదు.

ఓ మధ్యాహ్నం బడి వదిలాక ఆవిడ నన్ను వెంటబెట్టుకుని పాత సబ్బుల కార్ఖానాకి తీసుకెళ్లింది. కింద సబ్బు వండే రాగి బాన చల్లబడి రెండేళ్లయింది. కార్ఖానా యజమాని కొత్తది కట్టుకుని అక్కడికి మారిపోయాడు. కాపలా ముసలాయన ఆవిడని చూసి బీగం తీశాడు, ఆయన మనవరాలు ఆవిడ దగ్గరే పాడుతుంది. మెట్లెక్కి పైకి వెళ్లాం. సబ్బులు ఆరబెట్టే అంతస్తది. కోసిన సబ్బుల్ని ఒకదాని మీదొకటి మనిషి కన్నా ఎత్తుగా, మధ్యలో గాలాడేలా గోపురాల్లా పేర్చేవాళ్లు. ఇప్పుడు ఏమీ లేదు. పొడుగాటి ఖాళీ నేల, పైన రాతి కమానులు, వరసగా కిటికీలు. వందేళ్ల నూనె వాసన మాత్రం గోడలు పట్టుకుని ఉంది.

ఆవిడ మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టింది. చెవి ఒగ్గి విన్నది. తర్వాత చిన్నగా ఒక్క స్వరం ఎత్తుకుంది. అది అవతలి గోడ దాకా వెళ్లి, తొందరపడకుండా తిరిగి వచ్చింది.

"విన్నావా రువైదా?"

"విన్నాను."

"ఇక్కడ గట్టిగా పాడక్కర్లేదు. గోడలే మోస్తాయి."

ఆవిడ ముఖంలో ఆశ నాకు అప్పుడే కనపడింది. అది ఎంతసేపో నిలవలేదు. ఈ మేడ ఎవరిదని అడిగితే, అబూ రాఘిబ్‌ది అని చెప్పి కిటికీ వైపు తిరిగింది. ఒక చక్కెర వర్తకుడు గోదాము కోసం దీన్ని అద్దెకి అడుగుతున్నాడని కాపలా ఆయన చెప్పాడు. అయితే మనం ముందే అడుగుదాం అన్నాను నేను. అడిగేదెవరు అంది ఆవిడ.

ఆ మాట ఎందుకందో నాకు బోధపడలేదు. అబూ రాఘిబ్ పిసినారి కాదు. మునిసిపాలిటీ సభ్యుడు, భార్య పోయిన పెద్దమనిషి. ఆసుపత్రికి నీళ్ల తొట్టి కట్టించింది ఆయనే, స్కౌటు పిల్లల బ్యాండుకి డప్పులూ బాకాలూ కొనిచ్చింది ఆయనే. అలాంటి మనిషిని ఒక్క మాట అడగడానికి ఏమిటి కష్టం? వాళ్లింటికి వెళ్లి మామగారితో చెబితే ఆయన ముఖం మాడ్చుకున్నారు. ఆ ఇంటి గుమ్మం నేను తొక్కను, ఇంకేదైనా చెప్పండి అని లేచి వెళ్లిపోయారు.

ఈ చిక్కుముడిలో వేలుపెట్టింది హజ్జా జరీఫా. మా ఊరి మంత్రసాని, హజ్ యాత్ర చేసొచ్చిన మనిషి. ఊళ్లో నలభై ఏళ్ల లోపు వాళ్లలో ఆవిడ చేతుల్లో పడని వాళ్లు అరుదు. మునిసిపాలిటీతో పోట్లాడి కాన్పుల గది పెట్టించిన మనిషి. ఆవిడ మా మాటలన్నీ విని, మోకాళ్లు నిమురుకుంటూ, మగాళ్లు పిల్లనడగడానికి జాహా కట్టుకుని వెళ్తారు, మనం గదినడగడానికి వెళ్దాం, అంది.

జాహా అంటే పెద్దమనుషులు కలిసికట్టుగా ఒక ఇంటికి రాయబారం వెళ్లడం. అడిగేది పిల్లనైనా కావచ్చు, ఒక తగువు తీర్చమనైనా కావచ్చు. ఇంటివాళ్లు కాఫీ ఇస్తారు. రాయబారంలో పెద్ద ఆ కప్పు ముట్టకుండా ముందు పెట్టుకుంటాడు. సంగతి చెబుతాడు. ఒప్పుకుంటే ఇంటాయన, మీ కాఫీ తాగండి అంటాడు. ఆ మాటే ఒప్పందం. అనకపోతే కాఫీ చల్లారిపోతుంది, వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోతారు. ఇది మా దగ్గర పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ ఆడవాళ్లు జాహా వెళ్లడం ఎవరూ వినలేదు.

మామగారైతే, ఊరు నవ్వుతుంది అన్నారు.

"నవ్వేవాళ్లందర్నీ ఏడుస్తుంటే మొదట చూసింది నేనే," అంది హజ్జా. "నవ్వనీ."

ఆ సాయంత్రం నానమ్మ పక్కన కూర్చుని పచ్చడికి పచ్చి ఆలివ్ కాయలు రాయితో చితక్కొడుతున్నాను. జాహా, చల్లారిన కాఫీ, ఈ ఇంట్లో కాదు అనడానికి వాడే మాట, మూడూ నా బుర్రలో అప్పటికే ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. అడిగేశాను. నానమ్మ చేతిలో కాయ చితక్కొట్టి పక్కన వేసింది. తర్వాత చెప్పింది.

ముప్పై ఏళ్ల కిందట ఇదే ఇంటికి, ఈ వీధి గదికే, నజ్లాని అడగడానికి జాహా వచ్చింది. పెళ్లికొడుకు తౌఫీక్, ఇప్పటి అబూ రాఘిబ్. వాళ్ల నాన్న కాఫీ ముందు పెట్టుకుని, పిల్లని బంగారంలో ముంచుతాం, కాకపోతే ఊద్ మాత్రం ఇక్కడే వదిలేసి రావాలి, మా ఇంటి కోడలు తీగలు మీటడం బాగుండదు అన్నాడు. తాతగారు లోపలికి వచ్చి కూతుర్ని అడిగాడు. అబ్బాయంటే దానికి ఇష్టమేనని నానమ్మకి తెలుసు. కిటికీలోంచి చూసుకునేవాళ్లని కూడా తెలుసు.

"ఏమన్నారావిడ?"

"కాఫీ చల్లారనివ్వండి నాన్నా అంది," చెప్పింది నానమ్మ. "అంతకు మించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. మీ మామగారికి ఆ ఇంటి మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఆ మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. మొదట్లో దాన్ని ఏడిపించడానికి అనేవాళ్లం, తర్వాత అలవాటైపోయింది. ఆ తౌఫీక్ స్కౌటు బ్యాండుకి బాకాలు ఎందుకు కొనిచ్చాడో ఊళ్లో నాకొక్కదానికే తెలుసు."

ఆవిడ అడగాల్సింది ఆ ఇంటినా అనుకున్నాను. నేను పెళ్లి చేసుకోవడం వల్ల ఆవిడ మళ్లీ ఆ కాఫీ కప్పు ముందుకే వెళ్లాల్సి వస్తోంది.

వెళ్లాం. శుక్రవారం, ఎండ చల్లబడ్డాక. హజ్జా జరీఫా అందరికన్నా పెద్దది గనక ఆవిడే జాహాకి పెద్ద. బడి ప్రధానోపాధ్యాయిని సిత్ ఇఖ్బాల్ ఉపన్యాసం తయారు చేసుకుని వచ్చింది. పిల్లలందరి ముందూ అనర్గళంగా మాట్లాడే మనిషి, ఆ రోజు దారంతా పెదవులు కదుపుతూ నడిచింది. సిత్ నజ్లా తన మంచి నల్లకోటు వేసుకుంది. నన్నెందుకని అడిగితే, గది నీకోసం ఖాళీ అవుతోంది, నువ్వు లేకపోతే ఎలా అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నా చెయ్యి పట్టుకునే నడిచింది. దుకాణాల దగ్గర మగవాళ్లు లేచి నిలబడ్డారు, కొందరు నవ్వు ఆపుకోవడానికి. హజ్జా ఒక్కొక్కణ్నీ పేరుపెట్టి పలకరించింది. ఒకడిని, పుట్టినప్పుడు ఇంతకన్నా పెద్ద తలతో మీ అమ్మని సతాయించావురా అని కూడా అంది. ఆ తర్వాత వీధిలో ఎవరూ నవ్వలేదు.

అబూ రాఘిబ్ గుమ్మం దాకా ఎదురొచ్చారు. ఎర్ర టోపీ, తెల్ల మీసం, ఇస్త్రీ చొక్కా. మేం ఎందుకొచ్చామో ఆయనకి తెలుసు, ఊరంతటికీ తెలుసు. హాల్లో కూర్చోబెట్టారు. ఆయన కోడలు పళ్లెంలో కాఫీ తెచ్చి మొదటి కప్పు హజ్జాకి అందించింది.

కప్పు ముట్టకూడదని హజ్జా మాకు దారిలో మూడుసార్లు చెప్పింది. ఆ హజ్జాయే కప్పు అందుకుంది. యాలకుల వాసన గుప్పున కొట్టింది. అందుకున్న చేత్తోనే నోటి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని తాగేసింది. పైగా నాలుక చప్పరించింది.

సిత్ ఇఖ్బాల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. జాహా పెద్ద కాఫీ తాగేసిందంటే అడిగేదేమీ లేదని అర్థం, ఊరికే పలకరించి పోవడానికి వచ్చినట్టు లెక్క. ఆ ఒక్క గుక్కతో మేడా, పియానో, పాటల బృందం అన్నీ నీళ్లపాలయ్యాయనుకున్నాను. తన కప్పు ముందు పెట్టుకుని కూర్చున్న సిత్ నజ్లా మాత్రం కదల్లేదు.

అబూ రాఘిబ్ మీసం కొంచెం కదిలింది.

"మీకు ఆరోగ్యం కలగాలి హజ్జా. అయితే ఊరికే చూసిపోదామని వచ్చారన్నమాట. చాలా సంతోషం."

హజ్జా ఖాళీ కప్పులోకి చూసింది. ఏం చేసిందో అప్పటికి తెలిసింది ఆవిడకి. కప్పు మెల్లగా బల్ల మీద పెట్టి, తలముసుగు సర్దుకుంది.

"మీ రాఘిబ్ పుట్టిన రోజు గుర్తుందా నీకు?"

"ఎలా మర్చిపోతాను?"

"మీ ఆవిడ, దేవుడు చల్లగా చూడాలి ఆ తల్లిని, పొద్దుట్నుంచీ నొప్పులు పడింది. మీ అమ్మ కాఫీ పట్టుకుని నా చుట్టూ తిరుగుతూనే ఉంది. తాగానా?"

"లేదు."

"ఎప్పుడు తాగాను?"

"వాడు ఏడుపు అందుకున్నాక."

"ఈ ఊళ్లో ఏ ఇంట్లోనైనా బిడ్డ బయటపడకముందు జరీఫా కాఫీ ముట్టిందని ఎవర్నైనా చెప్పమను చూద్దాం. నేను తాగానంటే కాన్పు అయిపోయినట్టే నాయనా. మిగిలింది బొడ్డు కొయ్యడం. అది నువ్వు కొయ్యి."

ఆయన నవ్వారు. అంత పెద్దమనిషి టోపీ పక్కకి జారిపోయేలా నవ్వారు. కోడలు పళ్లెం పట్టుకుని నోటికి ముసుగు అంచు అడ్డం పెట్టుకుంది. సిత్ ఇఖ్బాల్‌కి పాపం ఉపన్యాసం చెప్పే అవకాశం చివరిదాకా రాలేదు.

నవ్వు ఆగాక ఆయన చూపు సిత్ నజ్లా ముందున్న కప్పు మీద పడింది. అది నిండుగా ఉంది. పైన నురగ కూడా విరిగిపోయింది.

"మీది అలాగే ఉంది," అన్నారు.

"ఉంటుంది. నాకు తొందర లేదు."

"ఏం కావాలో మీ నోటితో చెప్పండి సిత్ నజ్లా."

"పాత కార్ఖానా పై అంతస్తు. పిల్లలు పాడుకోవడానికి. ఊరికే వద్దు, మహిళా సంఘం అద్దె ఇస్తుంది."

ఆయన లేచి కిటికీ దాకా వెళ్లారు. బయట గెరిజీమ్ కొండ మీద ఎండ పల్చబడుతోంది. వెనక్కి తిరగకుండానే మాట్లాడారు.

"మీ ఇంట్లో ఆ రోజు మా నాన్న ఒక మాటన్నాడు."

"అన్నారు."

"నేను పక్కనే కూర్చున్నాను. నోరు విప్పలేదు."

"తెలుసు. తలుపు సందులోంచి చూశాను."

నాకు ఆ క్షణంలో ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఆ ముసలాయన వీపు చూస్తే జాలేసింది.

"మేడ తీసుకోండి," అన్నారు ఆయన. "అద్దె మాట ఎత్తకండి. కాకపోతే ఒక షరతు."

షరతు అనగానే హజ్జా కూడా ఊపిరి బిగబట్టింది. ఆ ఇంటి షరతు ఎలా ఉంటుందో మా అందరికీ తెలుసు. సిత్ నజ్లా తల నిటారుగా పెట్టుకుని, చెప్పండి అంది.

"పియానో ఒక్కటే తెస్తే కుదరదు. ఆ ఊద్ కూడా తీసుకురావాలి." ఆయన వచ్చి కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. "మీ కాఫీ తాగండి."

కోడలు, వేడిది తెస్తానత్తయ్యా అంటూ చెయ్యి చాపింది. సిత్ నజ్లా వద్దమ్మా అని, ఆ చల్లారిపోయిన కాఫీనే ఎత్తి మడ్డి దాకా తాగింది. కప్పు కింద పెట్టి, బాగుంది అంది. ఆవిడ అబద్ధం చెప్పగా వినడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

మెట్లు దిగుతూ హజ్జా నా భుజం మీద బరువంతా వేసి, నిజంగానే మర్చిపోయి తాగేశానే పిల్లా, ఎవరికీ చెప్పకు, అంది గుసగుసగా. నేను చెప్పలేదు, ఆవిడే ఊరంతా చెప్పుకుంది.

చివరి చెట్టు దులిపిన మర్నాడే పియానో కదిలింది. సబ్బు మూటలు మోసే కూలీలు తాళ్లు కట్టి భుజాల మీద ఎత్తారు. సుగంధద్రవ్యాల అంగళ్ల దగ్గర కమాను కింద అది ఇరుక్కుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. అటు గాడిదలు ఆగిపోయాయి, ఇటు జనం ఆగిపోయారు, ఎవరికి తోచిన సలహా వాళ్లు చెబుతున్నారు. హజ్జాని పిలుచుకొచ్చారు. ఆవిడ దాని చుట్టూ ఓసారి తిరిగి, చేత్తో తడిమి, ఇది ఎదురుకాళ్ల మీదుంది, తిప్పండి, అంది. తిప్పారు, వచ్చేసింది. అంగళ్ల వాళ్లందరూ చప్పట్లు కొట్టారు. హజ్జా పక్క దుకాణంలో కూర్చుని కాఫీ తెప్పించుకుంది.

అదంతా అయ్యాక ఇల్లు ఎలా ఉందో చెప్పాలి. నిశ్శబ్దంగా ఉంది. వీధి గదికి సున్నం వేశారు, నా మంచం వచ్చింది, పెళ్లయింది. సాయంత్రాలు తప్పు స్వరాలు వినిపించకపోయేసరికి నానమ్మకి నమాజు వేళ తెలిసేది కాదు. మామగారు గుమ్మంలో చెప్పులు విడుస్తూ అలవాటుగా కాసేపు ఆగేవారు, పాట అయ్యేదాకా లోపలికి రాకూడదన్నట్టు. ఆయనకి పాటలంటే చిరాకని అందరం అనుకున్నాం. నా మంచం కింద నేల మీద పియానో కాళ్ల గుంటలు నాలుగూ అలాగే ఉన్నాయి, సున్నం వాటిని కప్పలేదు. నేను ఆ గది ఊడుస్తూ రోజూ వాటిని చూసేదాన్ని. సిత్ నజ్లాని నేనిప్పుడు అత్తయ్యా అని పిలవాలి. ఆవిడ బడి నుంచి తిన్నగా సబ్బుల మేడకి వెళ్లి, దీపాలు పెట్టే వేళకి బట్టల నిండా సబ్బు వాసనతో ఇంటికి వచ్చేది.

పెళ్లయిన వారానికి అబూ రాఘిబ్ మమ్మల్ని దీవించడానికి వచ్చారు, తట్ట నిండా సబ్బులతో. ముప్పై ఏళ్ల తర్వాత ఆ గుమ్మంలో కాలు పెట్టడం. మామగారు ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు, ఏమనాలో తెలియక రెండుసార్లు రండి రండి అన్నారు. నడవలో నిమ్మచెట్టు పక్కన కూర్చోబెట్టాం. కొత్తకోడల్ని గనక కాఫీ నేనే పెట్టాను, నేనే తెచ్చాను.

ఆయన కప్పు అందుకున్నారు. తాగలేదు. ముందున్న చిన్న బల్ల మీద పెట్టారు.

నానమ్మ చేతిలో జపమాల ఆగిపోయింది. సామిహ్‌కి కూడా, ఎన్నడూ లేంది, వెంటనే అర్థమైనట్టుంది, నా వైపు చూశారు. అత్తయ్య ఆలివ్ జాడీ మూతకి గుడ్డ కడుతోంది. ముడి వేసి, చేతులు తుడుచుకుని, ఆయనకి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఏమైనా అడగడానికి వచ్చారా?"

ఆయన కప్పు వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. మీసం కింద పెదవులు ఏదో అనబోయాయి. అనకుండా మానుకున్నాయి. ఆవిడ జుట్టు అప్పటికి సగం నెరిసింది, ఆయనది పూర్తిగా.

"లేదు," అన్నారు. "వేడిగా ఉంది. చల్లారనిస్తున్నాను."

అత్తయ్య నవ్వింది. పాడేటప్పుడు తప్ప ఆవిడ గొంతు అంత విప్పగా నేను వినలేదు. నవ్వుతూనే కప్పు ఎత్తి ఆయన చేతికిచ్చింది.

"మరీ చల్లారనివ్వకండి."

ఆయన తాగారు.

వాళ్లు పెళ్లి చేసుకోలేదు, ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ప్రతి గురువారం ఆయన సబ్బుల మేడ మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, వెనక వరసలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పిల్లల పాటలు వినేవారు. మోకాళ్లు మొరాయించాక కూలీలు కుర్చీతో సహా ఎత్తుకెళ్లేవాళ్లు. ఆవిడ ఊద్ అందుకునేది ఆ ఒక్కరోజే.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. ఆ ఇంట్లో నానమ్మని నేనే. మనవలు వచ్చి ఏదైనా కావాలని నా చుట్టూ తిరిగినప్పుడు నేనూ మా ఇంటి మాటే అంటాను. కాకపోతే ఆ ఏడు తర్వాత మా ఇంట్లో అది మారిపోయింది. మరీ చల్లారనివ్వకండి అంటాను. పిల్లలు ఎగిరి గంతేసి పరిగెడతారు, అది సరే అనడమని వాళ్లకి తెలుసు, ఎందుకో తెలియదు.